పిల్లలకు ఈ-రీడర్ కొంటున్నారా? ముందు అందులో ‘రాష్ట్రం’ అని చదివి చూడండి

మా పాప నాలుగో తరగతిలో ఉండగా తన కోసం ఒక ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే ఉండే చిన్న యంత్రం, తెప్పించాను. హన్మకొండలో మా ఇంటికి పార్సిల్ వచ్చిన సాయంత్రమే, అప్పటికే కంప్యూటర్‌లో దాచిపెట్టుకున్న తెలుగు కథలు పాతిక దాకా అందులోకి ఎక్కించి తన చేతికిచ్చాను. రెండు నిమిషాలు చూసి, "అమ్మా, ఒత్తులన్నీ విడిపోయినయ్" అంది. తీసుకుని చూస్తే నిజమే. ‘రాష్ట్రం’ అనే మాట ‘రాష్‌ట్‌రం’ అని వచ్చింది, ‘అమ్మ’ కూడా ‘అమ్‌మ’ అయిపోయింది. చదవడం ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్న పిల్లకు అలాంటి పేజీ ఇవ్వకూడదు, తప్పు రూపం కంటికి అలవాటైతే దాన్ని వదిలించడం చాలా కష్టం.

కొనేముందు నేను స్క్రీన్ సైజు చూశాను, బ్యాటరీ చూశాను, ఎన్ని వేల పుస్తకాలు పడతాయో చూశాను, రివ్యూలు రెండు రాత్రులు కూర్చుని చదివాను. మా పిల్ల ఏ భాషలో చదువుతుందో ఆ భాష అందులో సరిగా వస్తుందా అని మాత్రం చూడలేదు. ఆ తర్వాత ఏడాది పాటు కిందామీదా పడి నేర్చుకున్నది, పరకాలలో ఉండే మా తమ్ముడు వాళ్ల బాబుకు కొనేటప్పుడు పక్కన కూర్చుని చెప్పింది, ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీరు ఇంకా కొనలేదంటే మంచిదే, ఈ వరుసలోనే వెళ్లండి.

మొదటి అడుగు: ఇప్పుడే కొనాలా?

ఆరేళ్ల లోపు పిల్లలకైతే వద్దు. ఆ వయసులో పుస్తకమంటే బొమ్మ, రంగు, పేజీ తిప్పడం, మన ఒళ్లో కూర్చోవడం. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు స్క్రీన్ ముందు కూర్చునే సమయం రోజుకు గంటకు మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఆ గంటలోకి ఇంకో వస్తువును ఎందుకు తెచ్చిపెట్టాలి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లను బట్టి ఉంటుంది. నా లెక్కలో సరైన వయసు, బొమ్మలు తక్కువగా ఉన్న కథను పది పేజీలు ఎవరి సాయం లేకుండా చదివి, "తర్వాత ఏమైంది" అని అడిగే వయసు. కొందరికి అది ఏడేళ్లకే వస్తుంది, కొందరికి పదకొండుకు.

అది తెలియాలంటే ఒక నెల లైబ్రరీకి తీసుకెళ్లండి. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మన హన్మకొండ, మన పిల్లలకు లైబ్రరీ మెట్లు తెలియకపోతే ఎలా. నెలలో నాలుగైదు పుస్తకాలు తనంతట తాను ముగించిందంటే ఈ-రీడర్ పనికొస్తుంది. పుస్తకం ముట్టని పిల్లకు వస్తువు కొనిస్తే చదువుతుందనుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను, రెండు వారాల తర్వాత అది బీరువాలో ఉంటుంది. చదివే పిల్లకు ఇంకా ఎక్కువ పుస్తకాలు అందించడానికే ఇది, చదవని పిల్లను చదివించడానికి కాదు.

రెండో అడుగు: ఒక కాగితం మీద పది పుస్తకాలు రాయండి

ఈ ఏడాది మీ పిల్ల నిజంగా చదవబోయే పది పుస్తకాలు, పిల్లతో కలిసి కూర్చుని రాయండి. ఏ రీడర్ కొనాలో ఆ కాగితమే చెబుతుంది.

పదిలో తొమ్మిది ఇంగ్లిష్ కథల పుస్తకాలైతే మీ పని సులువు, మార్కెట్లో ఉన్న ఏ మంచి రీడరైనా సరిపోతుంది, నాలుగో అడుగు వదిలేసి ముందుకు వెళ్లండి. సగానికి సగం తెలుగైతే నాలుగో అడుగు రెండుసార్లు చదవండి. ఎక్కువ భాగం బడి పుస్తకాలైతే చిన్న రీడర్ కొనొద్దు, కారణం సైజు దగ్గర చెబుతాను. కామిక్స్, బొమ్మల కథలు, అట్లాసులు అయితే కాగితమే మేలు, లేదా ఇంట్లో ఉన్న ట్యాబ్‌లో మీరు పక్కన కూర్చుని చూపించండి.

మా కాగితంలో ఆరు తెలుగు, మూడు ఇంగ్లిష్, ఒకటి డైనోసార్ల బొమ్మల పుస్తకం. కొన్నాక రాసిన కాగితం అది, అదే నా పొరపాటు.

మూడో అడుగు: ట్యాబ్ సరిపోదా?

మా తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "అక్కా, అంత పైసలు పెట్టి నలుపు తెలుపు డబ్బా ఎందుకు, ట్యాబ్ కొంటే అన్నీ వస్తయ్ కదా" అన్నాడు. అన్నీ వస్తాయి, అందుకే వద్దన్నాను. కథ మధ్యలో వీడియో నోటిఫికేషన్ వస్తే పదేళ్ల పిల్లాడు కథ వైపు ఉండడు, పెద్దవాళ్లమే ఉండలేకపోతున్నాం.

రెండో కారణం స్క్రీన్. ఈ-రీడర్లలో ఉండేది ఈ-ఇంక్. కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి, విద్యుత్ ఇచ్చినప్పుడు వాటిలో ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. ఒకసారి తేలాక అక్కడే నిలబడుతుంది, పేజీ మారితేనే మళ్లీ కరెంటు కావాలి. బ్యాటరీ వారాల తరబడి రావడానికి అదే కారణం. కాగితం లాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది కాబట్టి మధ్యాహ్నం డాబా మీద నీడలో కూర్చున్నా అక్షరం స్పష్టంగా ఉంటుంది. చీకట్లో చదవడానికి పెట్టిన లైటు కూడా తెర అంచుల నుంచి పేజీ మీద పడుతుంది, ఫోన్‌లో లాగా వెనక నుంచి కళ్లలోకి రాదు.

అలాగని ఈ-ఇంక్ చదివితే కళ్లజోడు రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. కాగితం పుస్తకమైనా సరే ముఖానికి ఆనించుకుని గంటలు చదివితే కంటికి శ్రమే. చేయి దూరంలో పట్టుకోవడం, మధ్యమధ్యలో దూరంగా చూడటం, రోజూ బయట ఎండ వెలుతురులో ఆడటం, ఇవి ఏ స్క్రీన్ కొన్నా తప్పవు.

నాలుగో అడుగు: తెలుగు పరీక్ష

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

కంప్యూటర్ లోపల ‘రాష్ట్రం’ అంటే ఒక బొమ్మ కాదు, వరుసగా ఎనిమిది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఒకే పద్ధతి) అక్షరాలు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. వాటిని తెచ్చి ష కింద ట ఒత్తు, ర ఒత్తు ఎక్కడ ఎలా కూర్చోవాలో తేల్చే పని రీడర్‌లోని సాఫ్ట్‌వేర్‌ది. ఫాంట్ అంటే పాత ప్రెస్సులో సీసపు అక్షరాల గడులు అనుకోండి, వాటిని తీసి పేర్చే కంపోజిటర్ వేరే. గడుల్లో అక్షరాలు ఉన్నా తెలుగు రాని కంపోజిటర్ పేరిస్తే ఏమవుతుందో మా పాప చూసింది అదే. అందుకే "తెలుగు ఫాంట్ వేసుకుంటే వచ్చేస్తుంది" అనే సలహా ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు. కంపోజిటర్‌కు తెలుగు వస్తేనే కొత్త ఫాంట్‌తో లాభం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్. దాని స్టోర్‌లో 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు లేదు. కోట్ల మంది మాట్లాడే భాష ఆ జాబితాలో లేకపోవడం నాకు బాధే, కానీ కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. స్టోర్ తెరిచి తెలుగు పిల్లల కథలు వరుసగా కొనుక్కుందాం అనుకుంటే కుదరదు, ఫైళ్లు మనమే తెచ్చి ఎక్కించుకోవాలి.

పరీక్ష ఇలా చెయ్యండి. కంప్యూటర్‌లో ఒక కొత్త ఫైలు తెరిచి ఈ మాటలు టైప్ చెయ్యండి: రాష్ట్రం, స్త్రీ, జ్ఞానం, స్వాతంత్ర్యం, ఓరుగల్లు, కాళోజీ, లక్ష్మి, కృష్ణ, మఱ్ఱి. కింద ఏదైనా కథలోంచి రెండు పేరాలు కలపండి. దాన్ని ఈపబ్‌గా (అక్షరం సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం ఫైలు) ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి సేవ్ చెయ్యండి, గూగుల్ డాక్స్‌లో రెండూ డౌన్‌లోడ్ మెనూలోనే ఉంటాయి. ఆ రెండు ఫైళ్లను మీరు కొనాలనుకున్న మోడల్‌లోనే తెరిచి చూడాలి.

ఆ మోడల్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? నేను చౌరస్తా దగ్గర, స్టేషన్ రోడ్డులో తిరిగిన షాపుల్లో ఈ-రీడర్లు బయట పెట్టి చూపించినవాళ్లు లేరు, ఫోన్లు, ట్యాబ్‌లే. కాబట్టి తెలిసినవాళ్లను అడగండి. మాకు నిట్‌లో చదివే మా వదిన వాళ్ల అబ్బాయి దగ్గర దొరికింది, పావుగంటలో తేలిపోయింది. కాలేజీ పిల్లల దగ్గర, ఆఫీసులో చదివే అలవాటున్నవాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. ఎవరూ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో వాపసు గడువు ఉన్న చోటే ఆర్డర్ పెట్టి, వచ్చిన రోజే ఈ పరీక్ష చెయ్యండి, వారం ఆగొద్దు. వాపసు షరతులు ఆర్డర్‌కు ముందే చదవండి, కొన్నిటికి వస్తువు మార్చి ఇస్తారే గానీ డబ్బు ఇవ్వరు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. ఈపబ్, పీడీఎఫ్ రెండూ బాగుంటే వెతుకులాట అయిపోయింది. ఈపబ్‌లో ఒత్తులు విడిపోయి పీడీఎఫ్ బాగుంటే కొనొచ్చు, కాకపోతే పుస్తకాలు మీరు తయారు చేసుకోవాలి, ఆ పద్ధతి కింద రాశాను. పీడీఎఫ్‌లో కూడా గడులు, ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఫైల్‌లో ఫాంట్ సరిగా కలవలేదేమో అని ఇంకొక ఫైల్‌తో చూసి, అప్పుడూ అంతే ఉంటే వదిలేయండి.

ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ రీడర్లు కూడా ఉన్నాయి, బూక్స్ లాంటివి. వాటిలో ఫోన్‌లో వచ్చినట్టే తెలుగు చక్కగా వస్తుంది, చదివే యాప్‌లు మనకు నచ్చినవి వేసుకోవచ్చు. ధర ఎక్కువ. పైగా యాప్‌లు వేసుకోగలిగితే ఆటలూ వేసుకోగలరు, ఆ తాళం మీరు గట్టిగా వెయ్యాలి. తెలుగే ప్రధానం, డబ్బుకు ఇబ్బంది లేదు అనుకుంటే నేను దీనికే ఓటేస్తాను.

ఐదో అడుగు: సైజు, అంకెలు

6 అంగుళాల స్క్రీన్ అంటే అడ్డం సుమారు 9 సెంటీమీటర్లు, నిలువు 12. ఏ4 కాగితం అడ్డం 21. అంటే ఏ4 పేజీని అందులో ఇరికిస్తే అక్షరం సగం కన్నా చిన్నదవుతుంది. బడి పుస్తకాలకు చిన్న రీడర్ వద్దన్నది అందుకే. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి, కానీ వాటికి 10 అంగుళాల స్క్రీన్ కావాలి, రంగుల పటాలు నలుపు తెలుపులో అర్థం కావు కూడా. పాఠాలు కాగితం మీద, కథలు రీడర్‌లో, మేం అలా విడదీసుకున్నాం.

కథలకు 6 లేదా 7 అంగుళాలు చాలు. పిల్లల చేతికి బరువు ముఖ్యం, 6 అంగుళాల కిండిల్ 158 గ్రాములు, మామూలు ట్యాబ్ దానికి మూడింతలు తూగుతుంది. పడుకుని చదివే పిల్ల ముఖం మీద పడ్డా దెబ్బ తగలదు.

అంకెల్లో తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సింది పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. మన ఒత్తులు అక్షరం కింద చిన్నగా ఉంటాయి, చుక్కలు తక్కువైతే థ, ధ తేడా తెలియదు, చ ఒత్తు ఏదో వ ఒత్తు ఏదో పిల్ల ఊహించుకోవాలి. 2019 నాటి చవక కిండిల్ 167 పీపీఐ, 2022లో వచ్చిన చవక కిండిల్ 300. రెండూ పైకి దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పాతది తక్కువ ధరకు దొరుకుతుందని తొందరపడొద్దు. 300 ఉన్నదే తీసుకోండి.

లైటు రంగు పసుపు వైపు మార్చుకునే వీలుంటే రాత్రి చదివే పిల్లకు హాయిగా ఉంటుంది. నీళ్లలో పడ్డా పాడవని రకం మంచిదే, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఉన్నంత కాలం. స్టోరేజీ గురించి ఆలోచించకండి, 16 జీబీలో వేల కథలు పడతాయి. బ్యాటరీ ‘వారాలు’ అని రాసే లెక్క రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేసి, లైటు మధ్యస్థంగా పెడితే వచ్చేది. మీ పిల్ల రోజుకు రెండు గంటలు చదివితే నాలుగో వంతే వస్తుంది, అయినా చాలు.

ధర సంగతి. కిండిల్‌లోనే పేపర్‌వైట్ అనే రకం కొత్తది 2025లో మన దేశంలో విడుదలైనప్పుడు 16,999 రూపాయలు. అది ఒక కొలతగా పెట్టుకోండి, దానికంటే చాలా ఎక్కువ చెబుతుంటే ఎందుకో అడగండి. ఆఫర్లు వస్తూ పోతూ ఉంటాయి, దసరా దాకా ఆగగలిగితే ఆగండి.

రంగుల ఈ-ఇంక్ గురించి అందరూ అడుగుతారు. ఇప్పుడొస్తున్న వాటిలో నలుపు తెలుపు 300 పీపీఐ ఉన్నా రంగు 150 పీపీఐకి పడిపోతుంది, రంగులు పాత పత్రికలో అచ్చైనట్టు వెలిసి ఉంటాయి, పేజీ కూడా కాస్త బూడిదగా ఉంటుంది. పిల్లలు అనుకునే రంగు అది కాదు. ఆ డబ్బుతో బొమ్మల పుస్తకాలు కొనండి.

ఆరో అడుగు: వాడినది కొంటే

తప్పేం లేదు, మా తమ్ముడు అదే కొన్నాడు. డబ్బు ఇచ్చేముందు మాత్రం మనిషి ఎదురుగానే ఇవన్నీ చెయ్యండి. రీడర్ అమ్మేవాళ్ల అకౌంట్ నుంచి తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌తో మీ అకౌంట్‌లో రిజిస్టర్ అవుతుందో లేదో చూడండి. పోయిందనో దొంగిలించారనో కంపెనీకి చెప్పిన వస్తువైతే రిజిస్టర్ కాదు, ఇంటికొచ్చాక తెలిస్తే ఏం చెయ్యలేం. పూర్తి తెల్ల పేజీ, బాగా అక్షరాలున్న పేజీ రెండూ తెరిచి గీతలు, కదలని చుక్కలు ఉన్నాయేమో చూడండి. లైటు మొత్తం పెంచి అంచుల్లో నీడలు చూడండి. చార్జర్ పెట్టి పిన్ను వదులుగా ఊగుతుందా చూడండి. అవకాశం ఉంటే టైప్-సి పోర్టు ఉన్నదే కొనండి, ఫోన్ చార్జరే సరిపోతుంది. పాత రకం పిన్నును పిల్లలు తిరగేసి గుచ్చి విరిచేస్తారు.

ఏడో అడుగు: పిల్ల చేతికి ఇచ్చేముందు

ముందు మీ పేరు మీద అకౌంట్ తెరవండి. కార్డు వివరాలు అందులో ఉంచొద్దు, ఒక్క నొక్కుతో కొనే వీలుంటే ఆపేయండి. సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌లోకి వెళ్లి పిన్ పెట్టి స్టోర్, వెబ్ బ్రౌజర్ రెండూ మూసేయండి. పిన్‌గా పిల్ల పుట్టిన సంవత్సరం పెట్టకండి, వాళ్లు మొదట ప్రయత్నించేది అదే. పుస్తకాలు ఎక్కించాక ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేస్తే బ్యాటరీ మిగులుతుంది, చదువూ చెదరదు.

ఇంగ్లిష్ పుస్తకాలకు డిక్షనరీ నేర్పించండి. మాట మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే అర్థం వస్తుంది, కిండిల్‌లో అయితే అలా చూసిన మాటలన్నీ వొకాబులరీ బిల్డర్‌లో చేరతాయి. ఆదివారం ఆ మాటలు నేనూ పాపా కలిసి చూసుకుంటాం. తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలకు ఇది నిజమైన సాయం, ఎవరినీ అడగాల్సిన మొహమాటం లేదు.

ఎనిమిదో అడుగు: తెలుగు పుస్తకాలు ఎక్కడ, ఎలా

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు చాలా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించి ఉంటాయి. ఉచితం, డౌన్‌లోడ్ చేసుకోవడానికి చట్టపరంగా అనుమతి ఉంది. మొదటి రెండు స్థాయుల్లో బొమ్మే కథ చెబుతుంది కాబట్టి అవి రీడర్‌కు వద్దు, మూడు, నాలుగు స్థాయులవి తీసుకోండి. తెలుగు వికీసోర్స్‌లో హక్కులు తీరిపోయిన పాత పుస్తకాలు, శతకాలు ఉన్నాయి, అక్కడే ఈపబ్‌గానూ పీడీఎఫ్‌గానూ దింపుకోవచ్చు. భాష కొన్నిచోట్ల గ్రాంథికం, తాతయ్య పక్కన కూర్చుని చదివిస్తే పద్యాలు బాగా పడతాయి. మాది పోతన పుట్టిన బమ్మెరకు దగ్గరి ఊరు, మా నాన్న భాగవతం పద్యం పాడుతుంటే మా పాప తెరమీద వేలు కదుపుతూ వెంట చదువుతుంది.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే స్కాన్ కాపీలు మాత్రం వద్దు. ఇవాళ తెలుగులో పిల్లల కోసం రాస్తున్నవాళ్లే తక్కువ, వాళ్ల పుస్తకాన్ని దొంగ కాపీలో చదివిస్తే రేపు రాసేవాళ్లు ఉండరు. అచ్చు పుస్తకం కొనండి, అదీ ఎక్కువ ధర ఉండదు.

ఇక ఈపబ్‌లో ఒత్తులు విడిపోతున్న రీడర్ మీ దగ్గర ఉంటే, మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇది. పీడీఎఫ్‌లో అక్షరాలు ముందే కూర్చి ఉంటాయి, రీడర్ వాటిని ఉన్నదున్నట్టు గీస్తుంది అంతే. కాబట్టి రీడర్ సైజుకే పేజీ తయారు చేద్దాం.

కథను కాపీ చేసి వర్డ్‌లోనో లిబ్రే ఆఫీస్‌లోనో పెట్టండి. పేజీ సైజును అడ్డం 9, నిలువు 12 సెంటీమీటర్లకు మార్చండి, 7 అంగుళాల రీడరైతే కాస్త పెంచండి. నాలుగు వైపులా అంచు అర సెంటీమీటరు చాలు. ఫాంట్ మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ పెట్టండి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అక్షరం సైజు ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు 16, పెద్ద పిల్లలకు 13 లేదా 14. వరుసల మధ్య ఖాళీ ఒకటిన్నర ఉంచండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు, దీర్ఘాలకు తగులుతాయి. మాటలను రెండు అంచులకూ సాగదీసే అమరిక ఆపేసి ఎడమవైపుకు పెట్టండి, ఇంత చిన్న పేజీలో తెలుగు మాటలు పొడుగ్గా ఉండటం వల్ల మధ్యలో పెద్ద సందులు వస్తాయి. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, యూఎస్‌బీ వైరుతో కలిపి రీడర్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేసేయండి. నాకు ఒక కథకు పది నిమిషాలు పడుతుంది. ఆదివారం ఐదు కథలు చేస్తే వారానికి సరిపోతాయి.

ఇందులో లోటు ఒకటే, తర్వాత అక్షరం పెంచుకోలేం, అందుకే మొదటి ఫైలు పిల్లకు చూపించి "ఇంత చాలా, ఇంకా పెద్దగా కావాలా" అని అడిగి ఖాయం చేసుకోండి. ఇంకో జాగ్రత్త, ఎవరైనా డీటీపీ వాళ్లు ‘అను’ అనే పేరున్న పాత ఫాంట్లలో చేసిన ఫైలు ఇస్తే అది మీ దగ్గర వింత గుర్తులుగా కనిపిస్తుంది, అది యూనికోడ్ కాదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒకసారి మొత్తం చదివి తప్పులు దిద్దాకే పిల్లకు ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: మన ఎండ, మన బడి బ్యాగు

కిండిల్ 35 డిగ్రీల దాకా వాడటానికి, 45 దాకా పక్కన పెట్టి ఉంచడానికి తయారైనది. మే నెలలో వరంగల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆగి ఉన్న కారులో, స్కూటీ డిక్కీలో, రేకుల షెడ్డు కింద వదిలితే బ్యాటరీ దెబ్బతింటుంది. అమ్మమ్మ వాళ్ల ఊరికి బస్సులో వెళ్లేటప్పుడు బట్టల మధ్య చుట్టి ఒళ్లో ఉండే సంచిలో పెట్టండి, పైన క్యారియర్ మీద వద్దు.

బడి బ్యాగులో అస్సలు వద్దు. ఈ-ఇంక్ తెర లోపల పలుచని గాజు ఉంటుంది, పైకి గీత కూడా పడకుండా లోపల పగులుతుంది. మా మేనల్లుడి రీడర్ మొదటి నెలలోనే టిఫిన్ డబ్బా కింద నలిగి సగం తెర నల్లగీతలైపోయింది. అలాంటిది వారంటీ కిందికి రాదు, తెర మార్పించే ఖర్చు కొత్త దానికి దగ్గరగా చెప్పారు. గట్టి మూత ఉన్న కవర్ రీడర్‌తో పాటే ఆర్డర్ పెట్టండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

మేడారం జాతరకో దూర ప్రయాణానికో పోతుంటే ముందు రోజే పుస్తకాలు దింపి, ఒక్కోటి తెరిచి చూసుకోండి. తెరిచేదాకా కొన్ని పూర్తిగా దిగవు, అక్కడ జనంలో నెట్‌వర్క్ దొరకదు.

మొదటి నెల

మొదటి రోజే వంద పుస్తకాలు వెయ్యొద్దు. మూడు వెయ్యండి, అందులో ఒకటి పిల్ల ఇదివరకే చదివి ఇష్టపడ్డది ఉండాలి. ఎన్ని పేజీలు, ఎంత శాతం అయిందని రోజూ అడగొద్దు, తెర కింద కనిపించే ఆ శాతం అంకెను సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు, మేం తీసేశాం. రాత్రి అన్నం తిన్నాక అరగంట అని పెట్టుకున్నాం, ఆ అరగంట నేనూ ఏదో ఒక పుస్తకం పట్టుకుంటాను, ఫోన్ పట్టుకుంటే వెంటనే అడుగుతుంది. కాగితం పుస్తకాలు మానేయకండి, రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి.

నెల తర్వాత ఆ పది పుస్తకాల కాగితం మళ్లీ తీయండి. మాది ఇప్పటికీ ఫ్రిజ్ మీద అతికించి ఉంది. పదిలో ఏడు కొట్టేసి ఉన్నాయి, డైనోసార్ల పుస్తకం కాగితం రూపంలోనే కొన్నాం, కింద మా పాప పెన్సిల్‌తో ఇంకో పదకొండు పేర్లు రాసి పెట్టింది.